సింగారి గోళ్లకు బొట్టు

నక్కల భయమున్న కొత్త అడవికి ఏరు దాటి కాపురమొచ్చింది సింగారి అనే పిల్లి. అక్కడ పాదాల్లో గోళ్లు దాచుకు తిరగాలంటే, అడవికి పెద్దయిన తాబేలు వచ్చినవాళ్ల నుదుట పసుపు బొట్టు పెట్టాలట.

"పాత అడవిలో పెట్టిన బొట్టుందిగా, పెదనాన్నా!"

"ఏటవతలి బొట్టు ఇక్కడ చెల్లదమ్మా. నువ్వీ అడవిదానివేనని నువ్వు కాపురముండే చెట్టు వచ్చి చెప్పాలి."

"చెట్టెలా నడిచొస్తుంది?"

"మెల్లగానే రమ్మను, నాకేం తొందర లేదు. అందాకా గోళ్లు బయటికి తీశావో, అడవి దాటిస్తా!"

పాపం సింగారి, రోజూ చెట్టును బతిమాలుకునేది.

ఓ పొద్దున నక్క వచ్చి తాబేలునే వెల్లకిలా తిప్పేసింది.

"గోళ్లు తియ్యవే, తల్లీ!" డిప్పలోంచి అరిచింది తాబేలు.

"అయ్యో, చెట్టింకా బయల్దేరలేదు పెదనాన్నా!"

"వచ్చింది! ఇందాకే వచ్చి వెళ్లింది!"

సింగారి గోళ్లు తీసింది. నక్క పరుగో పరుగు. తాబేలును తిరగేసే ముందు, సింగారి వంగి నుదురు చూపించింది.