చిల్లుల పొర

పటాన్‌చెరులోని ఒక చిన్న ల్యాబులో, నీటి అడుగున ఉంచిన గాజుపలక మీద ఫర్హీన్ కొవ్వుపొర పరిచింది. మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉండే పొర లాంటిదే అది. గాలి సోకినా చెదిరిపోతుంది.

మైక్రోస్కోపులో చూసింది. పచ్చగా మెరవాల్సిన పొర నిండా మళ్ళీ నల్లటి చిల్లులే. వారం నుంచీ ఇదే వరస.

సామాను కడిగే సోమమ్మ మీద అరిచింది. "పలకలు సరిగ కడుగుతలేవా? నా నౌకరీ పోయేటట్టున్నది!"

"రుద్ది రుద్దే కడుగుతున్న మేడం."

ఫర్హీన్ చూపు పొర పరిచేందుకు వాడే శుద్ధిచేసిన నీళ్ళ డబ్బా మీద పడింది. స్టోరు నుంచి కొత్త డబ్బా రానేలేదు. అయినా ఇది నిండుగానే ఉంది.

"ఈ డబ్బాల నీళ్లెక్కడియి?"

సోమమ్మ తల దించుకుంది. "అయిపోతే మీరు పరేషాన్ అయితరని, మా ఇంటి బోరు నీళ్లు తెచ్చి పోస్తున్న."

"ఏం పని చేసినవ్ సోమమ్మా! మందుల కంపెనీల ఎనుకున్న మీ బోరు నీళ్లా? ఆ కంపెనీల రసాయనాలన్ని అండ్లకే ఇంకుతయి గద!"

"ఖరాబు నీళ్లు కావు మేడం," సోమమ్మ నొచ్చుకుంది. "మా మనుమరాలు పుట్టినకాన్నుంచి పాలపొడి గూడ గా నీళ్లల్లనే కలిపి తాపుతున్నం."

ఫర్హీన్ మళ్ళీ మైక్రోస్కోపులోకి చూడలేకపోయింది.