రెండు గుక్కల గంజి

అడవి దారిలో మొదటి వాగు దాటగానే దూలయ్య సొరకాయ బుర్ర ముందుకు చాచాడు.

"ఉప్పు గంజి సారూ. రెండు గుక్కలు తాగుండ్రి. చెమట గిట్ల కారితే పిక్కలు పట్టుకుంటయ్."

హెల్త్ అసిస్టెంటు షాలేమ్‌రాజు నవ్వి, తన సీసా నీళ్లు చూపించాడు. ఆయన లెక్కలో గంజి చొక్కాకు పెట్టేదే గానీ నోట్లో పోసేది కాదు. విరేచనాలైతే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగమని ఊరూరా చెప్పడం ఆయన ఉద్యోగం. తాగడం ఉద్యోగంలో లేదు.

అది రెండు వేల నాలుగు వానాకాలం. భద్రాచలం అడవుల్లో ఒక గూడెం. అక్కడ ఎనిమిదేళ్ల పిల్లకు మలేరియా మెదడుకెక్కింది. పొద్దుగూకేలోగా సూది పడాలి. వాగులు పొంగి జీపు దారి తెగింది. పద్నాలుగు కిలోమీటర్లూ నడకే.

ఆయన్ని తోలుకుపోవడానికి పొద్దున్నే దవాఖానాకు వచ్చిన మనిషి దూలయ్య. పిల్ల ఎవరిదని అడిగితే, "మా గూడెం పిల్లే సారూ" అని మందుపెట్టె తలకెత్తుకున్నాడు.

రెండో వాగు దగ్గర మళ్లీ బుర్ర చాచాడు. షాలేమ్‌రాజు పట్టించుకోలేదు.

పదో కిలోమీటరులో పిక్కే ఆయన్ని పట్టుకుంది.

కుడికాలు కర్రయింది. దూలయ్య ఆయన మడమ ఒళ్లో పెట్టుకుని, వేళ్లు వెనక్కి వంచి, పిక్క రుద్దాడు. లేచి నాలుగడుగులు వేస్తే ఎడమది. మళ్లీ కుడిది.

అప్పుడు తాగాడు గంజి. సొరబుర్ర ఖాళీ అయింది. తన బుర్ర అంతకుముందే ఖాళీ అని తెలిసింది.

అప్పటికే గంట పోయింది.

"పెట్టె తీసుకుని నువ్వు ఉరుకు" అన్నాడు సిగ్గుతో.

"సూది ఎవలేస్తరు సారూ?"

దూలయ్య పెట్టెను ఆయన చేతికిచ్చి, ఆయన్ని వీపుకెత్తుకున్నాడు. దారి పొడవునా ఒక్కసారీ విసుక్కోలేదు. నొప్పి తగ్గిందా అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

గూడెం చేరేసరికి ఒక గుడిసె ముందు ఆడవాళ్లు ఏడుస్తున్నారు. పిల్ల పోయి అర్ధగంటయిందని జంపక్క అనే ముసలామె చెప్పింది.

దూలయ్య ఆయన్ని మెల్లగా అరుగు మీద దించాడు. కాలు జాగ్రత్తగా చాపి పెట్టాడు. తర్వాత తల వంచుకుని లోపలికి వెళ్లాడు.

షాలేమ్‌రాజు చేతిలోని మందుపెట్టె పక్కన పెట్టాడు.

"పిల్ల తల్లిదండ్రులు ఏరమ్మా?"

"తల్లి కాన్పులనే పోయింది" అంది జంపక్క. "తండ్రి ఇప్పుడే గద సారూ, మిమ్ముల దించి లోపలికి పోయిండు."