నాగర్‌కర్నూల్ ఎన్ని ఊళ్ల దూరం?

"శాంతన్నా, సాయంత్రం అయిదు దాటిందో, ఈ పని కర్నూలోళ్లకు ఇచ్చేస్త. ఇగ నీ ఇష్టం!"

గద్వాల నుంచి విత్తనాల కంపెనీ మేనేజరు మద్దిలేటి ఠపీమని ఫోన్ పెట్టేశాడు. వనపర్తిలో తన కంప్యూటర్ల షాపులో కూర్చున్న శాంతయ్య గోడ గడియారం వంక చూశాడు. షాపు నడిచేదే ఆ కంపెనీ పనితో. గద్వాల ఆఫీసు కంప్యూటర్లనూ, కంపెనీ కొత్తగా కొన్న నాగర్‌కర్నూల్ ఆఫీసు కంప్యూటర్లనూ కలిపే రౌటర్ పెట్టె అతని షాపులోనే ఉంది. నాగర్‌కర్నూల్‌కు గద్వాల కనిపిస్తోంది. గద్వాలకే నాగర్‌కర్నూల్ కనిపించడం లేదు. రెండు రోజులుగా తల పట్టుకు కూర్చున్నా కిటుకు దొరకలేదు.

సరిగ్గా అప్పుడే ఉద్యోగం కోసం జోయా వచ్చింది. పెబ్బేరు పిల్ల, చేతిలో సర్టిఫికెట్లు. ఆమెను చూడగానే శాంతయ్యకు ఉపాయం తట్టింది.

"సర్టిఫికెట్లు పక్కకు పెట్టు బిడ్డా. నీకొక పరీక్ష. ఈ రౌటర్ల కావాలనే ఒక తప్పు చేసి పెట్టిన. గద్వాలకు నాగర్‌కర్నూల్ ఎందుకు కనపడుతలేదో చెప్పు."

"గంతేనా సార్?"

జోయా కీబోర్డు ముందుకు లాక్కుంది. అయిదు నిమిషాలు తెరకేసి చూసింది.

"దారి వెతికేటందుకు గద్వాల రిప్ అనే పద్ధతిల నడుస్తుంది సార్. నాగర్‌కర్నూల్ ఓఎస్పీఎఫ్ అనే ఇంకో పద్ధతిల."

"గది నాకు తెల్వదా?" అన్నాడు శాంతయ్య గంభీరంగా. నిజానికి అతనికి తెలిసింది అదొక్కటే.

"గద్వాల పెట్టె దూరాన్ని ఊళ్ల లెక్కన చూస్తది సార్. పదిహేను ఊళ్లు దాటినయంటే ఇగ దారే లేదంటది. నాగర్‌కర్నూల్‌ది ఊళ్లు లెక్కపెట్టదు, రోడ్డు ఎంత మంచిగుందో చూస్తది. గా లెక్క గద్వాలకు తెల్వదు. ఎన్ని ఊళ్లో నడుమ మనమే చెప్పాలె. మీరు చెప్పలే. చెప్పకుంటే పదహారనుకొని ఊకుంటది."

"ఆఁ... కావాలనే చెప్పలే. మరి ఎన్నని చెప్పాలె?"

"రెండంటే చాలు."

ఒక్క లైను కొట్టింది. నిమిషం తిరక్కుండా ఫోన్ మోగింది.

"వచ్చిందే శాంతన్నా! నాగర్‌కర్నూల్ గోదాంల బస్తాల లిస్టు గూడ కనపడుతుంది!"

శాంతయ్య గబుక్కున ఫోన్ పెట్టేశాడు.

"ఎవరు సార్?"

"రాంగ్ నంబరు బిడ్డా."

"మరి నా ఉద్యోగం?"

"చూద్దాం. ఇంక పది మంది రావాలె పరీక్షకు. ఫోన్ చేస్తంలే, పో."

జోయా గడప దాటగానే శాంతయ్య వేడివేడి మిర్చీలు తెప్పించుకున్నాడు. పైసా ఖర్చు లేకుండా పని అయిపోయిన సంబరంలో రెండు ఎక్కువే తెప్పించాడు. మూడోది కొరుకుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ నాలుగుసార్లు కూసి మూగబోయింది, రౌటరూ ఆరిపోయింది. పావుగంటకు కరెంటు వచ్చింది. వెనకే మద్దిలేటి ఫోనూ వచ్చింది.

"ఏందే శాంతన్నా, నాగర్‌కర్నూల్ మల్ల మాయమైంది! నాలుగున్నర అయితుంది, చూస్కో మరి!"

శాంతయ్య జోయా దరఖాస్తు వెతికి, నూనె చేతులతోనే ఆమె నంబరు నొక్కాడు. బస్టాండు రొదలోంచి ఆమె గొంతు వినిపించింది.

"బిడ్డా, బస్సెక్కితే దిగు! ఉద్యోగం నీదే!"

"గంత జల్దీనా సార్? పది మంది అయిపోయిన్రా?"

"వాళ్ల ముచ్చట ఇడిసిపెట్టు తల్లీ! మంచిగ చేసి పోతివి గదా, కరెంటు పోయొచ్చేసరికి అంతా ఎట్ల పోయింది?"

"పరీక్షనే అంటిరి గదా సార్, అందుకే సేవ్ చెయ్యలే."