కిటికీలో తెల్లావిడ

"స్విట్జర్లాండ్ అంటే భూలోక స్వర్గం అనుకో రిషితా! చచ్చేలోగా ఒక్కసారైనా చూసి తీరాలి."

లండన్ వెంబ్లీలోని తమ ఫ్లాట్‌కి భోజనానికొచ్చిన, ఎమ్మెస్సీ చదివే అమ్మాయికి శేషగిరి టీవీలో ఫోటోలు చూపిస్తున్నాడు. మంచుకొండ ముందు శేషగిరి. సరస్సు ముందు శేషగిరి. ఆవు పక్కన, ఆవుకన్నా తృప్తిగా శేషగిరి.

"ఆంటీ ఎక్కడా లేరేంటి అంకుల్?"

"మీ ఆంటీకి తిరగడం సరదా లేదమ్మా. గదిలోనే ఉండిపోయింది."

తర్వాతి ఫోటోలో వాళ్లు దిగిన హోటల్, దాని వెనక ధగధగలాడే కొండ.

"మూడో అంతస్తు కిటికీలో ఎవరో తువ్వాలు ఊపుతున్నారు!"

"ఎవరో తెల్లావిడ, నాకు టాటా చెప్పింది. అక్కడి జనం అంత మంచోళ్లు! నేనూ చెయ్యూపాను."

శేషగిరి భార్య నాగజ్యోతి చారుగిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఆ తెల్లావిడ నేనేనండీ. పూటపూటా మీకు చారన్నం ఉండాలిగా. గదిలో పెట్టిన పోపు పొగకి స్మోక్ అలారం మోగకుండా తువ్వాలుతో విసురుతున్నా."

శేషగిరి గబగబా రిమోట్ నొక్కి తర్వాతి ఫోటోకి వెళ్లాడు.

"మరి కొండ ఎలా ఉంది ఆంటీ?"

"కొండ వెనకవైపుందమ్మా. నా కిటికీలోంచి మీ అంకులే కనబడ్డారు."