లక్క అతుకు

"పింగాణీ పళ్లెం పగలగొట్టిన్నని దొరసాని నన్ను పనిలకెల్లి తీసేసింది. జర అతికియ్యి, అన్నా," అంటూ శంకరవ్వ కొంగులోని పెంకులను బొమ్మలు చేసి రంగులేసే నిర్మల్ నకాషీ రాజలింగం ముందు పోసింది.

అతను ఒక పెంకు అంచును గోటితో గీకాడు. ఎర్రటి లక్క రాలింది.

"నువ్వు పగలగొట్టలే, చెల్లె. గిది ముందే పగిలింది. దొరసాని పంపిస్తే నేనే లక్కతోని అతికి, మీద రంగుతోని పూలతీగె గీసిచ్చిన. వేడి తగిలితే లక్క ఇడుస్తది."

"ఉడుకుడుకు పులావు అండ్లనే పెట్టుమన్నది ఆమెనే!" శంకరవ్వ ముఖం విప్పారింది. "గా మాట గడీకి వచ్చి చెప్పు, అన్నా. నా పని నాకు దొరుకుతది."

దొరసాని కోసం చేస్తున్న కొయ్యబొమ్మలు గోడ వారగా ఆరుతున్నాయి. రాజలింగం వాటివంక చూసి, లక్కముక్కను కుంపటి మీద పెట్టాడు.

"ఈసారి అతుకు అసలే కనబడకుంట చేస్త తీయి," అన్నాడు.