విడిచిన స్వెటర్

"నేను ముట్టుకోను," అంది సుబ్బరత్నం, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

మాచర్ల స్టేషన్ రోడ్డు పక్కన జాన్ సాహెబ్ పరిచిన టార్పాలిన్ మీద పాత బట్టలు నడుమెత్తున కుప్ప పోసి ఉన్నాయి. ఆమె కూతురు జాహ్నవి అప్పటికే కుప్పలో మోచేతుల దాకా మునిగి, చెక్క గుండీల చొక్కా ఒకటి పైకి లాగి మురిసిపోతోంది.

"నిన్నెవరు ముట్టుకోమన్నారమ్మా? ఊరికే చూడు."

"చూసేదేంది? ఎవరో విడిచిన బట్టలు! ఏ మనిషివో, ఏ రోగానివో. మీ పెద్దమ్మ కూతురి గౌను పంపిస్తేనే గడప దాటనియ్యలా నేను."

"ఆ గౌను కోసం ఎంత ఏడ్చానో నాకింకా గుర్తుందిలే."

సుబ్బరత్నం ఇంట్లో సైకిలైనా, కుర్చీ అయినా, కూతురి బడి పుస్తకాలైనా కొత్తదే రావాలి, కట్టు విప్పేది ఆమె చేతుల మీదుగానే. వేరేవాళ్ళు వాడినది ఎంత బాగున్నా ఆమెకు పనికిరాదు. అలాంటి మనిషి ఈ కుప్ప ముందు నిలబడిందంటే, అంతా ఉపేంద్ర పుణ్యమే.

ఉపేంద్ర నరసరావుపేటలో మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. మండే ఎండల్లో కూడా స్వెటర్ వేసుకుని పనికి పోయే మనిషి పల్నాడు మొత్తంలో అతనొక్కడే అయ్యుంటాడు. జాహ్నవి అతన్నే చేసుకుంటానంది. సుబ్బరత్నం ఒకసారి చూసి, "పిల్లోడు నెమ్మదస్తుడే, చూద్దాం," అని ఊరుకుంది. ఆ 'చూద్దాం' దగ్గరే జాహ్నవి ప్రాణం వేలాడుతోంది. అమ్మ కాదంటే అతన్ని చేసుకోలేదు, అతన్ని కాదని ఇంకొకర్నీ చేసుకోలేదు.

ఈలోపు సుబ్బరత్నానికి అతనికి స్వెటర్ అల్లిపెట్టాలన్న బుద్ధి పుట్టింది. "అల్లినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదే," అని ముందే చెప్పింది కూడా. తీరా చూస్తే ఊళ్ళో ఊలు లేదు. దొరికేదల్లా చంటిపిల్లల టోపీలకు పనికొచ్చే ప్లాస్టిక్ దారం. అప్పుడు జాహ్నవే, పాత స్వెటర్ విప్పితే ఊలు వస్తుందంటూ, మెల్లగా జాన్ సాహెబ్ కుప్ప సంగతి ఎత్తింది.

"అక్కా, చలిదేశం సరుకు. చెయ్యేసి చూసి మాట్లాడండి," అన్నాడు జాన్ సాహెబ్.

జాహ్నవి ముదురు నీలం స్వెటర్ ఒకటి తీసి తల్లి ముందు పట్టింది. సుబ్బరత్నం మొహం తిప్పుకుంది. వేళ్ళు మాత్రం మాట వినలేదు. ముక్కు మీది కొంగు వదిలేసి, స్వెటర్ అంచును నలిపి చూశాయి. ఆవిడ వేలాడుతున్న పోగొకటి తెంపి జాన్ సాహెబ్‌ను అగ్గిపెట్టె అడిగింది. పోగు కాలి, వెంట్రుక కాలిన వాసన గుప్పుమంది.

"ఏమే, ఇది అసలు ఊలేనే!"

"మరి ఎవరో విడిచిందిగా అమ్మా. పోదాం పద."

"నువ్వుండవే! సాయిబూ, ఆ కింద పచ్చది ఇటియ్యి. ఇదేంది, చంకలో చిల్లుంది? దీనికి కూడా అంతే చెప్తావా?"

ఇంటికొచ్చేటప్పుడు రెండు సంచులూ సుబ్బరత్నమే మోసింది.

నీలం స్వెటర్ పక్క కుట్లు కోసి, మెడ దగ్గర పోగు పట్టుకుని లాగితే, వరస వెంట వరస ఊడొచ్చింది. పోగంతా వంకీలు వంకీలుగా ఉంది. కుంకుడు రసంలో ఉతికి, కొసకు చెంబు కట్టి దండెం మీద వేలాడదీస్తే సాపైంది. సుబ్బరత్నం ఉండలు చుట్టి సూదులు పట్టింది. ఆ తర్వాత కూరలు రెండుసార్లు మాడాయి.

మెడ అల్లుతుండగా పక్కింటి వందన వచ్చింది. సుబ్బరత్నం వాకిట్లోనే కూర్చుని ఉంది. వీధి అరుగు మీద ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చెవులిటే పెట్టి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు.

"బాగుంది పిన్నీ. కానీ ఇది ఎవరో విడిచిన స్వెటరంటగా? కాబోయే అల్లుడికి పెట్టేది అట్టాంటిదా?"

గుమ్మంలో ఉన్న జాహ్నవి చెవులు రిక్కించింది. సుబ్బరత్నానికి చర్రుమంది.

"విడిస్తే ఏమైందే? దాని విలువ తెలియనోళ్ళు విడిచారు. అందులో సరుకు తప్పేముంది? కొత్తదని తెచ్చిన నీ శాలువా రెండు ఉతుకులకే పీలికలైందా లేదా?"

"అది కాదు పిన్నీ, ఎంతైనా ఒకరి దగ్గర ఉన్నది..."

"ఉంటే? వంకీలు ఉతికితే పోయాయి. నా సూదుల మీదికొచ్చాక అది నాది. పాత కథ మనకెందుకు? మనం చూడాల్సింది ఊలు అసలుదా కాదా అని!"

అరుగు మీది ఆడవాళ్ళు తలలూపారు. వందన వెళ్ళి అరుగు మీద చేరింది. నలుగురిలో అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు సుబ్బరత్నానికి పుట్టినప్పటి నుంచీ లేదని ఆ వీధిలో అందరికీ తెలుసు. జాహ్నవికి ఇంకా బాగా తెలుసు.

ఆమె వచ్చి తల్లి పక్కన కూర్చుని, ఊలు ఉండ ఒళ్ళో పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోంది.

"ఆ మాట మీదే ఉంటావా అమ్మా?"

"ఎప్పుడన్నా మాట తప్పానా? మొన్నట్నుంచీ ఏదో నానుస్తున్నావు. ఏందో చెప్పి చావు."

జాహ్నవి ఊలు ఉండ తీసి తల్లి ఒళ్ళో పెట్టింది.

"ఉపేంద్రని కూడా ఒకామె కట్టుకుని విడిచిందమ్మా."