పాలల్ల ఇంకేం కలిపినవ్?

లత గడప దాటి లోపలికి వచ్చేసరికే స్వామి నోట్ల సగం బ్రెడ్డు పుల్ల ఉంది. మిగతా సగం చేతిల ఉంది. పక్కన నాలుగేండ్ల దీప స్టీలు డబ్బా ఒళ్లో పెట్టుకొని, తండ్రి నములుతుంటే మురిసిపోతూ చూస్తున్నది.

ఆగు స్వామీ అనబోయి లత నోరు మూసుకున్నది.

స్వామి అంటే ఎవరో కాదు, ఆమె మొగుడు ధర్మేందరే. అయ్యప్ప మాలల ఉన్నడు కాబట్టి కన్నతల్లయినా, కట్టుకున్న పెండ్లామైనా స్వామీ అనే పిలవాలె. ఎల్లుండే ఇరుముడి. ఇంట్ల నీసు మాట కూడా ఎత్తొద్దు. పిల్లేమో బక్కగున్నది, రోజుకో గుడ్డు పెట్టుమని డాక్టరు చెప్పె. మరి గుడ్డు ఎక్కడ పగలగొట్టాలె? అందుకని లత రోజూ సాయంత్రం పక్కింటి గ్రేస్ టీచర్ దగ్గరికి పోయి, ఆమె ఎయిర్ ఫ్రయర్‌ల గుడ్డు కలిపి ఫ్రెంచ్ టోస్ట్ స్టిక్స్ చేసి, పిల్లకు అక్కడనే తినబెట్టి, మూతి కడిగి మరీ తోలుకొచ్చేది. ఇయ్యాల గ్రేస్‌కు సూర్యాపేటల ప్రార్థన కూటం ఉందట. తాళం వేసే తొందర్ల, లత ఇంకా గిన్నెలు కడుగుతుండంగనే, ఆ టీచరే డబ్బా పిల్ల చేతికిచ్చి ఇంటికి పంపింది.

"స్వామికి ఇవంటే ఇష్టమమ్మా," అన్నది దీప.

పిల్ల మాట లత చెవికెక్కలేదు. కండ్లు స్వామి చేతిలున్న ముక్క మీదనే ఉన్నయ్.

"ఏందే ఇవి? వాసన మంచిగొస్తున్నది," అనుకుంట అత్త రేణుకమ్మ దేవుని రూములకెళ్లి వచ్చి డబ్బాలకు తొంగిచూసింది. "ఎట్ల జేసినవ్? రేపు స్వామి అల్పాహారానికి నేను జేస్త."

"ఏం లేదత్తమ్మా. బ్రెడ్డు నిలువుగ పుల్లల లెక్క కోసి, పాలల్ల ముంచి, గ్రేసక్క మిషిన్ల పెట్టుడే. నూనె గూడ పట్టదు. మధ్యల ఒకపారి తిరగేయాలె."

"ఉత్త పాలేనా?"

"చక్కెర... దాల్చినచెక్క పొడి."

"పాలల్ల ముంచితే బ్రెడ్డు మెత్తవడి ఊడిపోదా? గింత గట్టిగ, పచ్చగ ఎట్లొచ్చినయ్? పాలల్ల ఇంకేం కలిపినవ్?"

ఈ ముసలామెకు ఇయ్యాలనే ఇన్ని అనుమానాలు రావాల్నా అని లత లోపల్లోపల తిట్టుకున్నది. "కస్టర్డ్ పౌడర్," అన్నది పైకి. అబద్ధం గంత అలకగ నోట్లకెళ్లి వచ్చినందుకు ఆమెకే భయమైంది.

స్వామి చేతిలది గూడ నోట్ల వేసుకొని డబ్బాలకెళ్లి ఇంకొకటి తీసిండు.

లతకు దేవుని భయం ఒక్కటే కాదు. పోయినేడు దాయాది పాలోళ్ల ఇంట్ల చావైతే, మైల వచ్చి ధర్మేందర్ మధ్యలనే మాల తీయాల్సొచ్చింది. తీసిన సాయంత్రమే హైవే పక్క వైన్స్ ముందట తేలిండు. ఇగ అప్పట్నుంచి కోదాడల ఈ కిరాయి ఇంట్ల ఒక్క పూట నెమ్మది లేదు. మేళ్లచెరువుల ఫ్యాక్టరీ పని ఊడేదాంక పోయింది. ఈ ఏడు మళ్ల మాల ఏసుకున్నంకనే ఇల్లు ఇల్లయింది. ఇప్పుడు గుడ్డని చెప్తే మాల పోతది. మాల పోతే మనిషి మళ్ల చేతికి దొరకడు. చెప్పకుంటేనేమో, మాల చెడినోని నెత్తిన ఇరుముడి పెట్టి కొండకు పంపిన పాపం తనకు తగులుతది.

"మాతా," అన్నడు స్వామి. మాల ఏసుకున్నప్పటిసంది పెండ్లాన్ని అట్లనే పిలుస్తున్నడు. "గట్ల నిలబడ్డవేంది? చెమటలు పడుతున్నయ్."

"ఏం లేదు స్వామీ."

"ఆ పౌడరు డబ్బా జర సూపియ్యే," అన్నది రేణుకమ్మ. "దుకాణంల అడిగి తెచ్చుకుంట."

లత అల్మారా తెరిచింది. పసుపు డబ్బా జరిపింది, ఉప్పు డబ్బా జరిపింది. లేని డబ్బా ఎక్కడికెళ్లి వస్తది? చెయ్యి అక్కడనే ఆగిపోయింది.

"గుడ్డు," అన్నది వెనక్కి తిరగకుండనే. "పాలల్ల గుడ్డు కొట్టి కలిపిన. స్వామికని చేయలే, పిల్లకని చేసిన. తప్పంత నాది."

రేణుకమ్మ ఉన్నకాడనే కూలబడ్డది. "నా కొంప ముంచితివి గదనే," అని నెత్తి కొట్టుకున్నది. "ఎల్లుండి ఇరుముడి పెట్టుకొని..."

ధర్మేందర్ లేచిండు. నిమ్మలంగ చెయ్యి కడుక్కున్నడు. గోడకున్న మొలకు బండి తాళం వేలాడుతున్నది. ఆయన చూపు దాని మీదికి పోంగనే లత ఉరికిపోయి తలుపుకు అడ్డం నిలబడ్డది.

"నీ కాళ్లు మొక్కుత. ఎటూ పోవద్దు. నన్ను కొట్టు, తిట్టు, పడుత. ఆ వైన్స్ దిక్కు మాత్రం పోకు."

"నేను ఎటూ పోతలేను లతా."

ఇన్ని దినాలల్ల ఆమెను పేరు పెట్టి పిలిచింది ఇదే మొదలు. రేణుకమ్మ ఏడుపు ఆపి కొడుకు మొఖం దిక్కు చూసింది.

"ఇరుముడికి రానని గురుస్వామి మల్లన్నకు ఎప్పుడో చెప్పిన," అన్నడు ధర్మేందర్. "మాల ఏసుకున్న వారంలనే దీప ఒక పుల్ల పిడికిట్ల దాసుకొచ్చి నా నోట్ల పెట్టింది. కొరకంగనే గుడ్డని తెలిసింది. మాల తీసేద్దామని బండి తీసిన. వైన్స్ ముందట ఆగిన గూడ. లోపలికి పోబుద్ధి కాలే, తిరిగొచ్చిన. మీరు పరేషాన్ అయితరని మాల మెడలనే ఉంచుకున్న."

దీప డబ్బాలకెళ్లి ఆఖరి పుల్ల తీసి తండ్రికి అందిచ్చింది. ధర్మేందర్ దాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి లత చేతిల పెట్టిండు.

"అప్పట్నుంచి నేను స్వామిని కాను లతా. ఇన్ని దినాలు తాగకుంట ఉన్నది నీ మొగుడు ధర్మేందరే."